మూడు అగ్గిపెట్టెలు

మా నాన్న పేరు రాసి నేను చేసిన మలపరీక్షలో రక్తం కనబడింది. మూడు పొద్దులవి మూడు నమూనాలు, మూడింటిలోనూ కనబడింది. ఆ రక్తం ఎవరిదో అప్పుడే తెలిసి ఉంటే మా ఇంట్లో ఒక ప్రాణం నిలిచేదేమో. తెలియలేదు. తెలియకుండా పోవడానికి అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురం తలా ఒక చెయ్యి వేశాం. నా వంతుకు నా నోరు చాలింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఎనభైల నాటి సంగతి. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ గారి నర్సింగ్ హోంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఊరు నల్లపాడు అవతల. పొద్దున్నే స్టేషన్ దాకా నడిచి పాసింజరు ఎక్కేదాన్ని. ల్యాబ్ అన్నానని ఏదో ఊహించుకోకండి. మెట్ల కింద గది, ఒక సింకు, ఒక మైక్రోస్కోపు, స్పిరిట్ దీపం, నేను. అంతే.

డాక్టరమ్మ అన్నగారు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. కడుపులో నొప్పి అని ఆయన నోరు తెరిచేసరికే అంతా అయిపోయిందట. అప్పటి నుంచి ఆవిడకు ఒకటే పట్టుదల. "నొప్పి వచ్చేదాకా ఆగితే ఇక మనం చేసేదేమీ ఉండదు. కంటికి కనబడనంత రక్తం ముందు నుంచే పడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి," అనేది. కత్తి అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు, సూది కూడా అక్కర్లేదు. యాభై దాటినవాళ్ళు, ఏ బాధా లేనివాళ్ళే, మూడు రోజులు పథ్యం ఉండి, మూడు పొద్దులవి చిటికెడు చొప్పున తెచ్చిస్తే చాలు. దాన్ని నేను నీళ్ళలో కలిపి కాచి, ఒక పొడి కరిగించిన ఆమ్లం వేసి, పైన హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసేదాన్ని. రక్తం ఉంటే నీలంగా మారుతుంది. లేకపోతే లేదు. మాంసం తింటే ఆ మాంసంలోని రక్తానికి కూడా నీలం వస్తుంది కాబట్టి మాంసం, చేపలు, ఆకుకూరలు మానాలి. నీలం వచ్చిన ప్రతివాడికీ క్యాన్సర్ ఉందని కాదు, మొలలకైనా రావచ్చు. వస్తే మాత్రం లోపల ఏముందో చూసి తీరాలి.

జనం నవ్వారు. "జబ్బు లేనివాడికి పరీక్షేందమ్మా, మీకు బేరాల్లేవా?" అన్నారు. మా వైపు మనుషులకు కడుపు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కాస్త ఎర్రగా కనబడితే కారం, నల్లగా కనబడితే వేడి. రెండింటికీ మందు మజ్జిగే. అయినా కొందరు వచ్చారు, ఆవిడ మీద గౌరవంతో. తెచ్చేది అగ్గిపెట్టెల్లోనే. పుల్లలు ఖాళీ చేసి, చిన్న అరిటాకు ముక్క పరిచి, పైన దారం చుట్టి తెచ్చేవాళ్ళు. ఒకాయన చిరునవ్వుతో నా చేతిలో పెట్టి, "పెట్టె మాత్రం తిరిగి ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. ఆయన్ని ఏం చెయ్యాలో చెప్పండి.

నాన్న మా ఊళ్ళో మిషన్ బడికి హెడ్మాస్టరు. చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం గుళ్ళో ముందు వరస కుర్చీ ఆయనది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో గొడుగు. ఆయన తండ్రి ఊళ్ళో చచ్చిన గొడ్లను మోశాడు. ఆ మోతలోంచి బయటపడి పలకా బలపం పట్టుకున్న మొదటి మనిషి మా నాన్న. అందుకే నా ఉద్యోగం ఆయనకు కంటగింపు. సంఘంలో నా వెనక "పియ్యి పరీక్షల పిల్ల" అనేవాళ్ళు. అది ఆయన చెవిన పడింది.

"మా నాన్న కళేబరాలు మోస్తే ముక్కు మూసుకున్నారు. నేను పంతులునైతే నమస్కారం పెట్టారు. నువ్వు ఇంత చదువూ చదివి మళ్ళీ మొదటికి తెచ్చావు. పియ్యి డబ్బాలు మోస్తున్నావు," అన్నాడొకసారి, అన్నం ముందు కూచుని.

"నేను మోసే డబ్బాలో నీ ప్రాణం ఉందో లేదో చూస్తాను నాన్నా. నువ్వూ తెచ్చివ్వు," అన్నాను.

కంచం తోసేసి లేచాడు. అమ్మ ఆ కంచం తీసి, ఆయన వదిలేసిన అన్నం తాను తింది. పారెయ్యడం ఆమెకు తెలియదు.

అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. నాన్న బడికి వెళ్ళగానే మిరపకాయల కళ్ళానికి పోయేది. హెడ్మాస్టరు పెళ్ళానివి నీకేం కర్మ అంటే, ఊరికే కూచుంటే చేతులు పీకుతున్నాయి అనేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎర్రటి కుప్పల మధ్య కూచుని, తాలు కాయ ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు ఏరేది. తాలు అంటే రంగు పోయిన కాయ. చూపు తిప్పకుండానే వేళ్ళతో తేడా పట్టేసేది. ఆమెకూ యాభై దాటాయి. నేను ఊళ్ళోవాళ్ళను అడిగాను, రైల్లో ఎదురు సీటు వాళ్ళను అడిగాను, నాన్న వెంట పడ్డాను. అమ్మను అడగాలని నాకు ఒక్కనాడు తోచలేదు. ఆమెకు జబ్బు వస్తుందనే ఊహే లేదు నాకు. ఇంట్లో రోలు ఉంది, పొత్రం ఉంది, అమ్మ ఉంది.

చివరికి డాక్టరమ్మే నాన్నను ఒప్పించింది. ఒకరోజు ఆయన ఏదో పని మీద బ్రాడీపేట వచ్చి నా గదిలోకి తొంగిచూశాడు. ఆవిడ ఎదురుపడి, "మాస్టారూ, మీ అమ్మాయి అందరి చేతా చేయిస్తోంది, తండ్రిని మాత్రం ఒప్పించలేకపోతోంది. మీలాంటి పెద్దవారు చేయించుకుంటే పదిమంది వస్తారు," అంది. పెద్ద డాక్టరు, పైగా మాస్టారూ అని పిలిచింది. "అలాగేనమ్మా, తప్పకుండా," అని తల ఊపాడు. నాకు నవ్వు ఆగలేదు.

పథ్యం కాగితం మీద రాసి అమ్మకు చదివి వినిపించాను. మూడు రోజులు ఇంట్లో పప్పు, పెరుగు, అరటికాయ. నాలుగో పొద్దున స్టేషన్‌కి బయలుదేరుతుంటే అమ్మ పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చి నా సంచిలో పెట్టింది. లోపల మూడు అగ్గిపెట్టెలు, ఒక్కోదానికి తెల్లదారం.

"నాన్నవి," అంది నేల చూస్తూ.

సిగ్గుపడుతోందనుకున్నాను.

మొదటి గాజు గొట్టంలో నీలం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది చేశాను. అదీ నీలమే. ఒక వంద మందివి చూసి ఉంటాను, ఇంట్లో మనిషిది చూడటం వేరు. సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాను. నాన్న అరుగు మీద కూచుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "మూడింటిలోనా?" అన్నాడు. అవునన్నాను. ఆయన తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూశాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఏదో భార్యాభర్తల బాధ అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

తర్వాత పెద్దాసుపత్రిలో నాన్నకు జరగాల్సినవన్నీ జరిగాయి. ఎనిమా ఇచ్చారు. పంచె విప్పించి, పక్కకు పడుకోబెట్టి, గొట్టం పెట్టి చూశారు. నేర్చుకునే కుర్రడాక్టర్లు చుట్టూ నిలబడ్డారు. అందులో ఒకడు ఆయన దగ్గర మూడో తరగతి చదివినవాడట. "నమస్తే మాస్టారూ," అన్నాడట ఆ పరిస్థితిలో. మరోరోజు సున్నం నీళ్ళలాంటి మందు లోపలికి ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. ఆయన పళ్ళు కరుచుకుని అన్నిటికీ ఒప్పుకున్నాడు. భయపడ్డాడని తెలుస్తూనే ఉంది.

ఏమీ లేదన్నారు. మొలలు కూడా లేవు. పేగు అద్దంలా ఉందన్నారు.

డాక్టరమ్మ ఎక్స్‌రేలు దీపానికి పెట్టి చూసి, "పథ్యం సరిగ్గా ఉన్నారా? ఒకసారి ఇంట్లో అడుగు. పరీక్ష మళ్ళీ చేద్దాం," అంది.

ఇంటికి వస్తూనే అమ్మ మీద పడ్డాను. ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నాన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"ఆ మూడు రోజుల్లో నాన్నకు మాంసం పెట్టావా?"

అమ్మ చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నన్ను చూసింది. అరుగు వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నిన్నే అడిగేది. పెట్టావా లేదా?"

"పెట్టా," అంది. "ఆదివారం గదా అని, కాస్త."

ఇక నేను ఆగలేదు. ఆ రోజు నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను, ఉన్నవాటిలో మెత్తనివి రాస్తాను. "నీకు బుర్ర ఉందా? కాగితం మీద రాసి మరీ వినిపించాను గదా, చెవుల్లో ఏం పెట్టుకున్నావు? తాలు కాయలు ఏరుకునేదానికి చెబితే ఏం ఎక్కుతుంది? నీ మూలంగా ఆయన్ని అందరి ముందూ బట్టలిప్పి కుళ్ళబొడిచారు. నా పరువు తీశావు. నీతో బతకడం కంటే గొడ్డుతో బతకడం మేలు." పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. చూడనీ అనుకున్నాను. అమ్మ తల వంచుకుని గుడ్డ పిండుతూనే ఉంది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

నాన్న పేపరు మడవలేదు. అటు పేజీ తిప్పాడు.

మళ్ళీ పరీక్ష మాట ఎత్తితే, "ఒకసారి చాలు. నీ నీలం నీళ్ళు నువ్వే తాగు," అన్నాడు. నాకూ రోషం వచ్చి వదిలేశాను. ఆ తర్వాత సంఘంలో అదొక వేడుక అయింది. ప్రార్థన అయి బయట నిలబడ్డప్పుడు ఆయనే చెప్పేవాడు, "మా అమ్మాయి నన్ను పరలోకానికి పంపబోయింది, అక్కడ ఖాళీ లేదని వెనక్కి పంపారు," అని. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

మరుసటి ఏడు మిరపకాయలు కళ్ళాలకు వచ్చాయి. అమ్మ చిక్కిపోయింది. ముఖం పాలిపోయింది. ఎండకు, ఘాటుకు అనుకున్నాం. మెట్లు లేని మా ఇంట్లోనే గది నుంచి గదికి నడవడానికి ఆయాసపడేది. మజ్జిగ తాగేది, సబ్జాగింజలు నానబెట్టుకు తాగేది. "వేడమ్మా, తగ్గుద్దిలే," అనేది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక బొట్టు రక్తం తీసి చూస్తే చాలు. ఆదివారం తీద్దాంలే అనుకునేదాన్ని. ఎన్ని ఆదివారాలు పోయాయో.

ఒక మధ్యాహ్నం కళ్ళంలో కాయల కుప్ప మీద పడిపోయిందని కబురొచ్చింది. పొట్ట ఉబ్బి రాయిలా ఉంది. పేగు మూసుకుపోయింది. గుంటూరు తీసుకెళ్ళాం. పొట్ట తెరిచారు. మూసుకుపోయినదాన్ని దాటించి దారి పెట్టారు, అంతకు మించి చెయ్యడానికి లేదన్నారు. కాలేయానికి పాకిందన్నారు. ఏడాది ముందు వస్తే వేరుగా ఉండేదని సర్జన్ మామూలు గొంతుతో చెప్పి చేతులు కడుక్కున్నాడు.

వార్డులో అమ్మ పక్కన కూచున్నాను. జుట్టులో ఇంకా మిరప ఘాటు ఉంది. నేను తుమ్ముతుంటే ఆమె నవ్వింది.

"ఎన్నాళ్ళ నుంచి పడతందమ్మా రక్తం?" అని అడిగాను.

"నీకు తెలుసు గదా," అంది.

"నాకేం తెలుసు?"

"నువ్వే చేశావు గదమ్మా పరీక్ష. ఆ మూడు అగ్గిపెట్టెలూ నావే."

నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె నెమ్మదిగా, వేరే ఎవరి ఇంటి విషయమో చెబుతున్నట్టు చెప్పింది. మా ఊళ్ళో ఇళ్ళల్లో మరుగుదొడ్లు లేవు. మగవాళ్ళు తెల్లవారాక డొంక వైపు వెళ్తారు, ఒకరికొకరు కనబడుతూ, మాట్లాడుకుంటూ. అక్కడ హెడ్మాస్టరు చెంబుతో పాటు అగ్గిపెట్టె పట్టుకుని ఎలా కూచుంటాడు? ఆడవాళ్ళు చీకటి విడవకముందే పత్తి చేల గట్ల చాటుకు పోతారు. ఎవరూ చూడరు.

"'నువ్వే తీసుకురావే. ఒకే కుండలో కూడు తింటన్నాం, నాదైతే ఏంది నీదైతే ఏంది' అన్నాడమ్మా. నిజమే గదా అనుకున్నా. పథ్యం ఇద్దరం ఉన్నాం. ముక్క ముట్టలేదు."

"మరి మాంసం పెట్టానని ఎందుకు చెప్పావు?"

"పెట్టలేదంటే ఆ నెత్తురు ఎక్కడిదని అడుగుతావు. మీ నాన్న అరుగు మీదే ఉన్నాడు. పెద్దమనిషి అబద్ధమాడాడని కూతురి ముందు తేలాలా?"

"తర్వాతైనా చెప్పొచ్చు గదా! ఆయన లేనప్పుడు చెప్పొచ్చు గదా అమ్మా!"

అమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది.

"రెండుసార్లు వచ్చా నీ దగ్గరికి. నీ నోటికి భయమేసింది."

రాకూడని రోజున అంత లేచిన నోరు ఇప్పుడు మూసుకుంటే ఎవరికి లాభం? వరండాలోకి వెళ్ళాను. నాన్న బెంచీ మీద గొడుగు పట్టుకుని కూచున్నాడు.

"అవి అమ్మవని నీకు తెలుసు," అన్నాను.

ఆయన బడిలో లెక్క చెబుతున్న గొంతుతోనే చెప్పాడు. "మూడింటిలో వచ్చిందంటే నాకూ ఉన్నట్టే అనుకున్నాను. ఒకే తిండి గదా. అందుకే గొట్టం పెట్టించుకున్నాను. నాకు ఏమీ లేదన్నారు. నాకు లేనిది దానికి మాత్రం ఎట్లా ఉంటుంది? పరీక్ష తప్పని నువ్వే కేకలు పెట్టావుగా."

ఆ మాటకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. అందులో సగం నిజం ఉంది, అదే నా ఏడుపు. సంఘంలో పెళ్ళి జరిగిన ప్రతిసారీ మొగుడూ పెళ్ళాం వేరు కాదు, ఒక్కటే అని ప్రసంగం చేసేవాడు. ఆయన దాన్ని నిజంగానే నమ్మినట్టున్నాడు, తనకు పనికొచ్చినంత మేరకు.

అమ్మ ఎండాకాలంలో పోయింది. చివరి రోజుల్లో ఆమె దగ్గర వచ్చే వాసనకు నాన్న గదిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి వెళ్ళేవాడు. ఆమె పక్కలో గుడ్డలు మార్చింది నేను. పియ్యి పరీక్షల పిల్లనని నాకు ఆ వారంలో గర్వంగా ఉండేది.

అమ్మ పోయాక సంఘంవాళ్ళు చేసే ఆదరణ కూడిక అయిన పదిహేను రోజులకు నాన్న బ్రాడీపేట వచ్చాడు. ఇస్త్రీ పంచె, గొడుగు. పేషెంట్లు బెంచీల నిండా కూచుని ఉన్నారు. తిన్నగా నా గది గుమ్మం దగ్గరకు వచ్చి, సంచిలోంచి పేపరు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మూడు అగ్గిపెట్టెలు. దారాలు వదులుగా, వంకరగా కట్టి ఉన్నాయి. కట్టడం చేతకాలేదు పాపం.

"ఒకసారి చూడమ్మా," అన్నాడు. "ఈమధ్య కడుపులో అదోలా ఉంటోంది."

నేను ఆ పెట్టెల వంక చూశాను. బెంచీల మీద వాళ్ళందరికీ వినబడేలా, గట్టిగా అడిగాను.

"ఇవి ఎవరివి నాన్నా?"

ఒక ముసలమ్మ మెడ చాచి మరీ చూసింది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

"నావే," అన్నాడు.

"వినబడలేదు."

"నావేనమ్మా. దేవుని తోడు. డొంకకు తీసుకెళ్ళాను. అందరూ చూశారు." జన్మలో ఒట్టు పెట్టని మనిషి.

"పథ్యం ఉన్నావా?"

"ఉన్నాను."

"నేను చెప్పేదాకా అట్లాగే ఉండు," అన్నాను.

ఆయన గుమ్మం దాటగానే పరీక్ష చేశాను. పావుగంట పని. మూడు గాజు గొట్టాలూ రంగు మారకుండా, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మళ్ళీ చేశాను. ఏమీ లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను, చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఆయన అరుగు మీద కూచుని నేను వచ్చే దారి చూసేవాడు. నా ముఖంలో ఏముందో వెతికేవాడు. అడగడానికి నోరు తెరిచి, మూసుకునేవాడు. నా నోటికి ఆయన కూడా భయపడటం నేర్చుకున్నాడు. పదకొండు రోజులు ఉప్పూ పప్పూ తిని సగమయ్యాడు.

పన్నెండో రోజు చెప్పులు విప్పుతూ చెప్పాను. "నీకేమీ లేదు. ఇక మాంసం తినొచ్చు."

ఆయన కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి పొయ్యి వైపు చూశాడు. పొయ్యి దగ్గర ఎవరూ లేరు.

"ఎవరు వండి పెడతారమ్మా?" అన్నాడు.

"ఒకే కుండ గదా నాన్నా. అమ్మ తినడం లేదు. నీకు మాత్రం ఆకలి ఎట్లా ఉంటుంది?" అన్నాను.

ఆయన లేచి వెళ్ళి బిందెలోంచి తానే చెంబుతో నీళ్ళు ముంచుకుని తాగాడు. నేను సంచి మేకుకు తగిలించి, దీపం వెలిగించాను.